పోర్టు లూయీలో మూడు రోజులు

అమలాపురంలో బస్సెక్కి, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అక్కడ కాకినాడ రోడ్డు పట్టుకుంటే తాళ్ళరేవు, ఆపైన కోరంగి. ఈ కాలపు పిల్లలకు కోరంగి అంటే మడ అడవి. చెక్కబాట మీద నడిచి, పడవెక్కి, ఫోటోలు తీసుకుని సాయంత్రానికి ఇల్లు చేరుకునే చోటు. కాని రెండువందల ఏళ్ళ కిందట అది ఓడలు కట్టే రేవు. దూరదేశాల ఓడలు మరమ్మతుకు అక్కడికి వచ్చి ఆగేవి. 1789 డిసెంబరులో మూడు మహా కెరటాలు లేచి ఆ ఊరిని ముంచివేశాయి. తుపానుకు 'సైక్లోన్' అని పేరు పెట్టిన పిడింగ్టన్ దొర ఆ మూడు కెరటాల సంగతి ప్రత్యేకంగా వ్రాశాడు. మిగిలిన ఊరు 1839 నవంబరులో మరొక ఉప్పెనకు పోయింది. ఆపైన గోదావరి ఒండ్రు పెట్టి రేవును పూడ్చివేసింది.

రేవు పోయింది గాని పేరు మిగిలింది. బర్మాలో తెలుగు కూలీని, ఏ జిల్లావాడైనా సరే, 'కొరంగీ' అనేవారు. హిందూ మహాసముద్రంలో, ఆఫ్రికాకు దాపున ఉన్న మారిషస్ దీవిలో కూడా మనవాళ్ళకు ఆ పేరే వచ్చింది. కోరంగి ఓడ దిగినవాడు కొరంగీ, అంతే. ఆ దీవికి రాజధాని పోర్టు లూయీ. ఆగస్టు నెలలో నాలుగు రోజులు తీరిక చిక్కితే, "కాశీ, రామేశ్వరం అయిపోయాయి గదా, ఈసారి కోరంగివాళ్ళు దిగిన రేవు చూచి వద్దామా?" అన్నాను మా ఆవిడతో. "అక్కడ అన్నం దొరుకుతుందా?" అన్నది. దొరుకుతుందన్నాను. ప్రయాణం కుదిరింది.

బొంబాయిలో విమానం ఎక్కితే ఆరు గంటల పైచిలుకు. కింద ఎంతసేపు చూచినా నీళ్ళే. ఆ నీళ్ళ మీద మనవాళ్ళు తెరచాప ఓడలలో నెల, నెలన్నర ప్రయాణం చేశారు. విమానాశ్రయం దీవికి ఆగ్నేయాన, రాజధాని వాయవ్యాన. అందుచేత దిగినవాడు దేశాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు దాటితే గాని పట్నం చేరడు. దాటడానికి గంట పడుతుంది. అంత చిన్న దేశం.

దారి పొడుగునా చెరకు. మనకు వర్షాకాలమైతే అక్కడ చలికాలం, చెరకు నరికే రోజులు. నరికిన పొలాల నడుమ నల్లరాళ్ళ గుట్టలు కనిపించాయి. ఏదో కోట కూలిపోయి మిగిలిందేమో అన్నట్టు, మనిషి ఎత్తుకు రెండింతలు, వరస పేర్చిన గుట్టలు. ఇవేమిటని కారు నడిపే అబ్బాయిని అడిగాను. నవ్వి ఒక కథ చెప్పాడు. ఆ దీవిలో ఇంటింటా చెప్పుకునే కథే అది. కూలీలను పోగుచేసే మేస్త్రీలు ఇండియాలో ఊరూరా తిరిగి, 'ఆ దేశంలో రాళ్ళు తిరగేస్తే కింద బంగారం ఉంటుంది' అని ఆశపెట్టారట. ఇది అగ్నిపర్వతాల దీవి. నేలంతా రాళ్ళే. ఆ రాళ్ళు తియ్యకపోతే చెరకు నాటడానికి చోటే లేదు. వచ్చినవాళ్ళు నిజంగానే రాళ్ళు తిరగేశారు. గుట్టలు పోశారు. ఆ గుట్టలే ఇవి.

పోర్టు లూయీ చూడగానే ముచ్చటేసే ఊరు. ముందు సముద్రం, వెనుక కొండల గోడ. ఒక కొండ పేరు ఫ్రెంచివాళ్ళ భాషలో 'బొటనవేలు', అలాగే ఉంటుంది కూడాను. పీటర్ బోత్ అనే మరొక కొండ నెత్తిన పెద్ద గుండ్రాయి నిలబడి ఉన్నది, నెత్తిన చెంబు పెట్టుకుని నుంచున్న మనిషిలాగా. కొండలు గాలిని ఆపుతాయి గనుక రేవులో ఓడలకు నెమ్మది, ఊళ్ళో మనుషులకు ఉక్క. చలికాలమని శాలువా కప్పుకుని దిగిన మా ఆవిడ పది నిమిషాలకే దాన్ని మడిచి నా చేతికిచ్చింది.

ఈ ఊరిని రాజధాని చేసినవాడు మహే దె లాబూర్డొనే అనే ఫ్రెంచి గవర్నరు. 1735లో వచ్చాడు. అంతకు ముందు డచ్చివాళ్ళు ఈ రేవును వాడుకుని, దీవికి తమ మారిస్ యువరాజు పేరు పెట్టి, కొంతకాలానికి విసుగుపుట్టి వదిలిపోయారు. వాళ్ళున్న రోజులలోనే డోడో అనే ఎగరలేని పక్షి అంతరించిపోయింది. ఇప్పుడది దేశచిహ్నంలో ఒక పక్కన నిలబడి ఉన్నది. బ్రతికి ఉండగా దక్కని మర్యాద పోయాక దక్కడం మనుషులకే కాదన్నమాట.

లాబూర్డొనే గారి విగ్రహం రేవుకు ఎదురుగా, రెండు వరసల తాడిచెట్లవంటి చెట్ల మొదట్లో ఉన్నది. ఆయన మనకు కొత్తవాడు కాడు. 1746లో ఈ రేవు నుంచే నౌకలను నడిపించుకు వచ్చి ఇంగ్లీషువాళ్ళ దగ్గర మద్రాసు పట్నాన్ని పట్టుకున్నది ఈయనే. పట్టుకున్న పట్నాన్ని డబ్బు పుచ్చుకుని తిరిగి ఇచ్చివేయబోతే పుదుచ్చేరిలో ఉన్న డూప్లే ఒప్పుకోలేదు. ఇద్దరికీ చెడింది. లాబూర్డొనే స్వదేశం వెళ్ళి బాస్తీలు జైలులో పడ్డాడు. స్కూల్లో చదువుకున్న చరిత్ర పాఠంలోని మనిషి సముద్రానికి ఈవలి ఒడ్డున ఇలా ఎండలో నిలబడి కనిపిస్తాడని ఎవరనుకుంటారు? పట్నం కట్టడానికి ఆయన పుదుచ్చేరి నుంచి తాపీవాళ్ళను, వడ్రంగులను తెప్పించాడు. అంటే కూలీల ఓడలకు నూరేళ్ళ ముందే మన దక్షిణాది పనివాళ్ళ చెయ్యి ఈ ఊరి గోడల మీద పడ్డది.

1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని గెలుచుకున్నారు. ఆ సేనలో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ భాషనూ ఆస్తులనూ చట్టాలనూ ముట్టుకోమని ఒప్పుకున్నారు. అందువల్లనే ఈనాటికీ శాసనసభలో ఇంగ్లీషు, పత్రికలలో ఫ్రెంచి, ఇంట్లోనూ బజారులోనూ క్రియోలు. బానిసలుగా వచ్చిన ఆఫ్రికావాళ్ళ నోట ఫ్రెంచి కరిగి పుట్టిన భాష అది. రూపాయలు మాత్రం రూపాయలే. చేతిలో పెట్టినప్పుడు మా ఆవిడకు కొండంత ధైర్యం వచ్చింది.

ఇక అన్నం సంగతి. పెద్ద మార్కెట్టుకు వెళ్ళాము. ఇనుప గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే అమలాపురం సంత వాసన. కొత్తిమీర కట్టలు, పచ్చిమిరపకాయలు, మామిడికాయ ఊరగాయ గుట్టలు. కొత్తిమీరను ఏమంటారని అడిగితే 'కొతొమిలి' అన్నది అమ్మే ఆవిడ. కరివేపాకు 'కరిపులే'. మునగాకు 'బ్రెద్ మురూమ్', చేమాకు 'బ్రెద్ సోంజ్'. బ్రెద్ అంటే ఆకుకూర అట. ఈ పేర్లలో అరవం పాలు ఎక్కువ. వాళ్ళు మనకన్నా ముందు వచ్చారు, మనకన్నా ఎక్కువమంది వచ్చారు. అయినా ఆ నోటి వెంట ఆ మాట వినపడినప్పుడు, అరవమో తెలుగో తేల్చుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

వీధిలో జనం నిలబడి తినేది 'ధోల్ పురి'. ఉడికించిన పప్పు పొడిచేసి గోధుమపిండిలో పెట్టి, పల్చగా వత్తి పెనం మీద కాలుస్తారు. రెండేసి రొట్టెలు, మధ్యలో చిక్కుడుగింజల కూర, టమాటా పులుసు, పచ్చిమిరప పచ్చడి, చుట్టి కాగితంలో పెట్టి ఇస్తారు. మా ఆవిడ ఒక ముక్క నమిలి, "బొబ్బట్టేనండీ, బెల్లం వెయ్యడం మరిచిపోయారు" అన్నది. పక్క బండిలో 'గాతో పిమా' వేయిస్తున్నారు. ఫ్రెంచిలో 'మిరప కేకు' అని ఆ పేరుకు అర్థం. నోట్లో వేసుకుంటే మన పప్పు వడ! పేరు మార్చుకుని పెద్దయింట కోడలుగా వెళ్ళినట్టున్నది. వడలు తిని, పైన సబ్జా గింజలు వేసిన పాలు చల్లగా తాగాము. ఆ పాల పేరు 'అలూదా'. మార్కెట్టులో ఒక మూల మూలికల దుకాణాలున్నాయి. మోకాలి నొప్పికి ఒకటి, మధుమేహానికి ఒకటి, ఆరాటానికి ఒకటి, ఎండుటాకుల కట్టలు పేర్లు వ్రాసి వేలాడదీశారు. ఆ విద్యలో ఆఫ్రికావారిది కొంత, మనది కొంత, ఫ్రెంచివారిది కొంత కలిసిపోయింది. మోకాలి కట్ట ఒకటి కొన్నాము. పని చేసిందో లేదో అడగవద్దు.

చూడవలసినవి ఇంకా చాలా ఉన్నాయి గాని, త్వరగా చెప్పి ముందుకు పోతాను. కొండ గుట్ట మీద ఇంగ్లీషువాళ్ళు 1834లో మొదలుపెట్టి 1840లో ముగించిన నల్లరాతి కోట ఉన్నది. అందులో యుద్ధమేమీ జరగలేదు. పైకెక్కితే ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనబడుతుంది. కోట కిందనే 1812 నుంచి గుర్రాలు పరుగెత్తుతున్న మైదానం. 1968 మార్చి 12న స్వతంత్ర మారిషస్ జెండా ఎగిరింది ఆ మైదానంలోనే. రేవు ఒడ్డున చిన్న మ్యూజియంలో 1847 నాటి తపాలా బిళ్ళలు రెండున్నాయి. వెలుతురు తగిలితే రంగు పోతుందని గంటలో కొద్ది నిమిషాలు మాత్రమే దీపం వేసి అసలువి చూపిస్తారు. తక్కిన సమయంలో నకళ్ళు. జనం ఆ దీపం కోసం గోదావరి పుష్కరాలలో రేవు దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఇంకొక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే అది కోనసీమవాళ్ళకు వెంటనే అర్థమౌతుంది. పోర్టు లూయీ నిండా పాత మేడలుండాలి గదా, అంతగా లేవేమి అని అడిగాను. 1867లో మలేరియా వచ్చి వేలకు వేలు పోయారు. కలిగినవాళ్ళు పట్నం విడిచి మిట్టప్రాంతపు ఊళ్ళకు ఎగబాకారు. 1892 ఏప్రిల్ 29న తుపాను వచ్చి కొద్ది గంటలలో ఊరిలో మూడోవంతు దాకా కూల్చింది. 1960లో మళ్ళీ 'కేరల్' తుపాను వచ్చాక జనం చెక్క ఇళ్ళు మానుకుని కాంక్రీటు కట్టుకోవడం మొదలుపెట్టారు. "మీకు తుపానంటే ఏమిటో తెలుసా?" అని హోటలు గుమస్తా కుర్రాడు మా ఆవిడను అడిగాడు. 1996 నవంబరు రాత్రి మా పెరటి కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో ఆవిడ అరగంట చెప్పింది. ఆ కుర్రాడు వింటూ కూర్చున్నాడు. అక్కడి తుపాను మనదానికి వ్యతిరేక దిక్కున సుడి తిరుగుతుందట. అంతకు మించి తేడా ఏమీ లేదని ఇద్దరూ తేల్చుకున్నారు.

రెండవ రోజు పొద్దున్న రేవుకు వెళ్ళాము. మేము వచ్చిన పని అదే.

ఇప్పుడు దాని పేరు 'ఆప్రవాసీ ఘాట్'. 1987 దాకా 'కూలీ ఘాట్' అనేవారు. 1849లో కట్టిన కట్టడాలలో మిగిలింది కొద్ది భాగమే. పెద్ద రోడ్డు వేసినప్పుడు చాలా పోయింది. 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. తాజ్‌మహలు ఉన్న జాబితాలో! లోపలికి వెళితే చూడడానికి ఏమున్నది? రాతి గోడలు, గేటు, కాపలాదారు గది, ఆసుపత్రి గదులు, మరుగుదొడ్ల తొట్లు. ఆపైన నీళ్ళ వైపు నుంచి పైకి వచ్చే మెట్లు. నల్లరాతి మెట్లు, లెక్కపెట్టాను, పదహారు.

ఆ మెట్ల కథ ఇది. 1835 ఫిబ్రవరిలో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. విడుదలైనవాళ్ళు చెరకు తోటల ముఖం చూడమన్నారు. తోటల యజమానులకు చేతులు కావలసి వచ్చాయి. స్వేచ్ఛగా వచ్చి, కాగితం మీద సంతకం పెట్టి, జీతానికి పని చేసే కూలీలతో చెరకు పండించవచ్చునా అని ఇంగ్లీషు ప్రభుత్వం ఒక పరీక్ష పెట్టింది. ఆ పరీక్షకు ఎంచుకున్న చోటు ఈ దీవి. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో ముప్ఫైఆరుగురు దిగారు. పరీక్ష నెగ్గిందని యజమానులు అనుకున్నారు. ఆ తర్వాత ట్రినిడాడుకు, గయానాకు, నేటాలుకు, ఫిజీకి ఇదే పద్ధతి. 1910 దాకా ఈ ఒక్క దీవిలోనే నాలుగున్నర లక్షల పైచిలుకు మంది దిగారు. మూడోవంతు మంది దాకా తిరిగి వెళ్ళారు. తక్కినవాళ్ళు ఇక్కడే మట్టి అయ్యారు.

మన గోదావరి ముఖంలో ఈ వ్యవహారం ఇంకా ముందే మొదలైంది. పక్కనే రీయూనియన్ అనే ఫ్రెంచి దీవి ఉన్నది. 1828 ప్రాంతంలోనే అక్కడి తోటలకు యానాం నుంచి తెలుగు కూలీలను తీసుకువెళ్ళారు. ఎదుర్లంక ఒడ్డున నిలబడి చూస్తే కనబడే ఊరి నుంచి! 1830లలో కోరంగి నుంచి మారిషస్‌కు ఓడలు నడిచాయి. మోసాలు బయటపడి 1839లో కూలీల ఎగుమతిని ఆపివేశారు. 1842 తరువాత పెద్ద రేవుల నుంచి మాత్రమే అనుమతించారు. అప్పటి నుంచి మన విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల వాళ్ళు మద్రాసుకు నడిచో, బండి మీదో, పడవలోనో పోయి ఓడెక్కారు.

మెట్లెక్కి వచ్చినవాడికి ముందు ఒక నంబరు. తరువాత పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ. రెండు రాత్రులు ఈ గదుల్లో పడుకుంటే మూడోనాడు తోట యజమాని వచ్చి తీసుకుపోతాడు. ఒప్పందం అయిదేళ్ళు. మగవాడికి నెలకు అయిదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు, బట్ట. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దీన్ని అక్కడ 'డబుల్ కట్' అంటారు. జ్వరం వచ్చి పడుకున్నవాడికి నెలాఖరున చేతికి ఏమీ రాకపోవడమూ కద్దు. అయిదేళ్ళు గడిచి విడుదలైనవాడు 1867 చట్టం ప్రకారం ఫోటో అంటించిన చీటీ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. చీటీ లేకుండా పక్క ఊరు పోతే పోలీసులు పట్టుకుంటారు. ఇది అన్యాయమని 1871లో తొమ్మిది వేలమందికి పైగా కూలీల చేత అర్జీ మీద సంతకాలు పెట్టించినవాడు దె ప్లెవిట్జ్ అనే తెల్లవాడు. తోటల దొరలు ఆయనను వీధిలో కొట్టారు గాని అర్జీ లండను చేరింది. విచారణ సంఘం వచ్చింది. 1901లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వస్తూ గాంధీగారు ఈ రేవులో దిగి మూడు వారాలు ఉన్నారు. పిల్లలను చదివించండి, రాజకీయాలలో పాలుపంచుకోండి అని చెప్పి వెళ్ళారు.

మాకు ఇదంతా చూపించిన అమ్మాయి వయసు ఇరవై అయిదుండవచ్చు. భోజ్‌పురి వాళ్ళ సంతతి. మేము ఎక్కడి నుంచి వచ్చామని అడిగింది. గోదావరి దగ్గర కోనసీమ అన్నాను. "ఇప్పుడక్కడి వాళ్ళు పనికోసం ఎక్కడికి వెళతారు?" అన్నది.

నేను తడుముకుంటూ ఉంటే మా ఆవిడ అందుకున్నది. రాజోలు వైపు, అమలాపురం వైపు ఎన్నో ఊళ్ళలో ఆడవాళ్ళు కువైటుకు, మస్కటుకు, దుబాయికి ఇళ్ళల్లో పనికి వెళతారని చెప్పింది. ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ ఇచ్చేది ఒకటి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. మా వీధిలోనే ఒక అమ్మాయి రెండేళ్ళకని వెళ్ళి నాలుగేళ్ళకు వచ్చింది, చంటిపిల్లవాణ్ణి తల్లి దగ్గర వదిలి వెళితే వాడు తిరిగి వచ్చినామెను 'పిన్నీ' అని పిలిచాడు. అదే పంపిన డబ్బుతో డాబా ఇల్లు లేచింది, చెల్లెలి పెళ్ళి జరిగింది, అది కూడా చెప్పాలి గదా అన్నది. ఆ అమ్మాయి వింటూనే ఉన్నది. మా ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం. ఎక్కడ మాట దొరకకపోతే అక్కడ తెలుగు వేసింది. అర్థం కాలేదని ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అనలేదు.

"కాగితం మీద ఏం వ్రాసి ఉందో వాళ్ళకు చదవడం వచ్చా?" అని మాత్రం అడిగింది.

"కాగితం అరబ్బీలో ఉంటుందమ్మా" అన్నది మా ఆవిడ.

ఆ మెట్ల మీద కొంచెంసేపు కూర్చున్నాము. కింది మెట్ల దాకా ఒకప్పుడు సముద్రం వచ్చేదట. ఇప్పుడు నీళ్ళు దూరం జరిగాయి.

ఆ రాత్రి పట్నం శివారున ఒక తెలుగు గుడిలో రామభజనం ఉన్నదని తెలిసి వెళ్ళాము. మారిషస్ తెలుగువాళ్ళకు రామభజనం ప్రాణం. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ ఇప్పటికీ చేస్తారు. ఆంధ్ర మహాసభ 1940లలోనే ఏర్పడింది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. బడులలో తెలుగు చెబుతారు. జనాభా లెక్కలలో భాష గడిలోనే కాదు, మతం గడిలో కూడా 'తెలుగు' అని వ్రాయించుకునేవాళ్ళున్నారు! మనం ఇక్కడ భాషను అమ్మ అంటాము, వాళ్ళు దేవుడిని చేశారు.

గుడిలో మధ్యన దీపం పెట్టారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పంట్లాములు వేసుకున్న కుర్రాళ్ళు దాని చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. కాళ్ళ లయ మన చెక్కభజన లయే. పాట తెలుగే, మాట మాటా తెలుస్తున్నది. ఒక కుర్రాడి చేతిలో పుస్తకం తొంగి చూచాను. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి ఉన్నాయి. పాట ఆగగానే వాడు పక్కవాడితో క్రియోలులో ఏదో అన్నాడు. మళ్ళీ తాళం పడగానే తెలుగు. ఇంటి భాష పోయి చాలా రోజులైంది, దేవుడి దగ్గర మాత్రం తెలుగు మాట్లాడుతున్నారు. దీన్ని చూచి బాధపడాలా, సంతోషించాలా అని మేము తిరుగు ప్రయాణం పొడుగునా వాదించుకున్నాము. నూటయాభై ఏళ్ళు తెలుగుదేశం ముఖం చూడకుండా, చదవడం రాని వాళ్ళు నోటితో అందించుకుంటూ ఇంత నిలబెట్టడం చిన్న పని కాదని నా పక్షం. మన పిల్లలు అమలాపురంలో ఉండి ఏం నిలబెడుతున్నారన్నది మా ఆవిడ పక్షం.

ప్రసాదం తింటూ ఉంటే ఒక ముసలాయన వచ్చి చేతులు జోడించాడు. "బాగున్నారా?" అన్నాడు. ఆయనకు వచ్చిన తెలుగు దాదాపు అంతే, తక్కినది ఇంగ్లీషు. మా ఆవిడ అలవాటు కొద్దీ "ఆయ్, బాగున్నామండి" అన్నది. ఆ 'ఆయ్' ఆయనకు తెగ నచ్చింది. రెండుమూడుసార్లు అని చూచుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మేమున్న హోటలుకు వచ్చి ఒక కాగితం చూపిస్తానన్నాడు.

అన్నట్టే వచ్చాడు. కాగితం ప్లాస్టిక్కు కవరులో పెట్టుకొచ్చాడు. పోర్టు లూయీకి కొద్ది మైళ్ళ దూరంలో మోకా అనే ఊరున్నది. అక్కడ మహాత్మాగాంధీ సంస్థలో వచ్చిన కూలీలందరి రిజిస్టర్లు భద్రపరిచారు. వారసులు అర్జీ పెట్టుకుంటే వెతికి నకలు ఇస్తారు. 1860ల తరువాతి వాళ్ళకైతే కొందరికి ఫోటోలు కూడా ఉంటాయి. ఈయన తాతకు తాత అంతకు ముందే వచ్చాడు గనుక ఫోటో లేదు. నంబరున్నది. అప్పడు అని పేరు. ఈయన ఇంటిల్లిపాదికీ ఇప్పుడు అదే ఇంటిపేరు.

ఇక్కడొక చిక్కు చెప్పాలి. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. రేవులో గుమస్తాకు కావలసింది పేరూ తండ్రి పేరూ. ఇంటిపేరు అడిగినవాడూ లేడు, వ్రాసినవాడూ లేడు. అలా తాతల పేర్లే ఇంటిపేర్లయిపోయి, అసలు ఇంటిపేరు ఓడలోనే పోయింది. మన పెళ్ళిళ్ళలో మొదట అడిగే మాట ఏమిటి? 'మీరు ఏవరండీ?' అని. ఆ ప్రశ్నకు ఆ దీవిలో తెలుగువాడి దగ్గర జవాబు లేదు.

జిల్లా 'రాజమండ్రి' అని ఉన్నది. 1859 దాకా మన జిల్లా పేరు అదే గదా. నా గుండె కొంచెం వేగంగా కొట్టుకున్నది. దాని కింద ఊరి పేరు. పీ, ఏ, రెండు ఎల్లులు, ఈ, వీ, మరో రెండు ఎల్లులు, ఆపైన చెరిగిపోయింది. ముసలాయన అది ఏ ఊరో చెప్పమని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఇంతకు ముందు ఇండియా నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురిని అడిగాడట. హైదరాబాదు వాళ్ళు చెప్పలేకపోయారట.

"పాలివెల!" అన్నది మా ఆవిడ వెంటనే. కొత్తపేట పక్కన పాలివెల. ఆవిడ మేనత్తను అక్కడే ఇచ్చారు.

నాకు మరొక ఊహ తోచింది. గుమస్తా 'ఎక్కడివాడివి?' అని దుబాసీ చేత అడిగించి ఉంటాడు. మన అప్పడు చేతులు కట్టుకుని 'పల్లెవాళ్ళమండి' అని ఉంటాడు. గుమస్తా అదే ఊరి పేరనుకుని వ్రాసుకుని ఉంటాడు. ఏదో ఒక పల్లెటూరివాణ్ణి అని ఆ మాటకు అర్థం కావచ్చు. మన సముద్రతీరంలో చేపలు పట్టేవాళ్ళను కూడా పల్లెవాళ్ళంటారు, అదీ కావచ్చు. ఈ సంగతి చెప్పాలా, మానాలా? ఆయన ముఖం చూస్తే మానాలనిపించింది. కాని ఎనభై ఏళ్ళ మనిషికి సగం మాట చెప్పి పంపడం పద్ధతి కాదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. 'పల్లెవాళ్ళం' అనే మాటను తనలో తాను ఒకసారి అనుకున్నాడు. తరువాత మా ఆవిడ వైపు తిరిగి, "ఆ ఊరు మాత్రం ఉన్నదా? పాలివెల?" అన్నాడు.

"ఎందుకు లేదు తాతగారూ! బస్సు దిగితే గుడి" అన్నది.

ఏం గుడి అన్నాడు. కొప్పేశ్వరుడు అని చెప్పింది. ఆ కథ కూడా చెప్పింది. రాజుగారికి ఇచ్చిన ప్రసాదపు పూలలో వెంట్రుక కనబడితే, స్వామికి కొప్పు ఉన్నదని పూజారి అబద్ధమాడాడు. అది నిజమేనా అని రాజు చూడడానికి వస్తే భక్తుణ్ణి కాపాడడానికి లింగానికి నిజంగానే కొప్పు మొలిచింది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ ఉంటే ముసలాయన నవ్వాడు. ఆ దేవుడు తప్పు చేసినవాడి పక్షాన కూడా ఉంటాడా అని అడిగాడు. ఉంటాడన్నది.

మేము విమానానికి బయలుదేరవలసిన వేళ అయింది. ఆయన జేబులోంచి కలం తీశాడు. కాగితాన్ని తిరగేసి, వెనుక పక్కన ఇంగ్లీషు అక్షరాలలో 'పాలివెల' అని వ్రాశాడు. దాని కింద దేవుడి పేరు మొదలుపెట్టి మధ్యలో ఆగి, అందులో 'పీ' ఒకటా, రెండా అని మా ఆవిడను అడిగాడు.

"రెండు" అన్నది మా ఆవిడ.